స్టేజీ రంగులు

అమలాపురం చుట్టుపక్కల తీర్థాల్లో, జాతరల్లో ఆర్కెస్ట్రా స్టేజీల వెనక కట్టే తెరలన్నీ ఒకప్పుడు జకరయ్య వేసినవే. పాటగాళ్లు రిహార్సల్ చేస్తుంటే ఆ తాళానికే కుంచె ఆడించేవాడు. స్టేజీమీది ఎర్ర లైట్లలో ఎర్ర రంగు తేలిపోతుంది. అందుకని తెరమీది బొమ్మలకు పెదవులు నల్లగా, బుగ్గలు ఆకుపచ్చగా దిద్దేవాడు. పగలు చూస్తే పిల్లలు జడుసుకునేవారు. లైట్లు పడ్డాక జనం ఈలలు వేసేవారు. రాత్రంతా స్టేజీ దగ్గర, పగలంతా నిద్ర. భార్య సుగుణమ్మ క్యారేజీ తెచ్చిచ్చేది కూడా ఆ లైట్ల కిందే. డీజేలూ ఎల్ఈడీ తెరలూ వచ్చాక పిలిచేవాళ్లు లేరు. అయినా ఇప్పటికీ కిటికీలు మూసి, ఎర్ర బల్బు వేసుకునే కుంచె పడతాడు.

మొన్న సుగుణమ్మ జ్ఞాపకార్థ కూటానికి ఫోటో వద్దని, తనే ఆమె బొమ్మ వేశాడు. పొద్దున్న వాకిట్లో అందరి ముందూ దానిమీది గుడ్డ తీయగానే కీర్తన పాడుతున్నవాళ్లు ఆగిపోయారు. పాస్టరుగారు బైబిలులోకి తల దించుకున్నారు.

"అమ్మని శవంలా వేసేవేంటి నాన్నా?" అంది కూతురు సలోమి.

"ఆగమ్మా, లైటు పడనీ."

జకరయ్య ఇంట్లోకి పరుగెత్తి ఎర్ర బల్బు తెచ్చాడు. బొమ్మ పైన వేలాడదీసి స్విచ్చి వేశాడు. పట్టపగటి ఎండలో ఆ వెలుగు బొమ్మమీద పడిన జాడే లేదు.

"ఇప్పుడు బాగుందాండీ?" అని పాస్టరుగారిని అడిగాడు.

"ఆయ్, బాగుందండీ" అన్నారాయన, బైబిలులోంచి తలెత్తకుండానే.