ధర్మవరంలో ఆగిన కార్డు, అవ్వ చేతి కండె

మా అక్క తన పెళ్ళిపట్టుచీర అమ్మి నా నర్సింగు ఫీజు కట్టిందని నాకు తెలియడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది. అక్క ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. మొన్నామధ్య బావగారే మాటల్లో నోరు జారారు. నెమలికంఠం రంగు, కుంకుమ అంచు అన్నారు. ఆ వారమే ధర్మవరంలో ఒక నేతగాళ్ళ ఇంట్లో అచ్చం అలాంటి చీర నేయమని చెప్పి, కొంత బయానా ఇచ్చి వచ్చాను. శుక్రవారం తెల్లవారుజామున బావగారి షష్టిపూర్తి. గురువారం వెళ్ళి చీర తెచ్చుకోవాలి. హిందూపురంలో ఫాల్ కుట్టే ఆవిడ సాయంత్రం ఐదు వరకే ఆగుతానంది. ఆ తర్వాత ఊరికి పోతుందట.

పొద్దున తొమ్మిదిన్నరకు హిందూపురం బజారులో దుకాణం తెరవగానే పీటల మీదికి వెండి కుందులు కొన్నాను. పద్దెనిమిది వేలు. కార్డు గీకాను, రసీదు సంచిలో పడేశాను. ఖాతాలో లక్షకు పైనే ఉంది కదా అని దర్జాగా పది గంటల బస్సెక్కాను. పెనుకొండలో దిగి ధర్మవరం బస్సు పట్టుకోవాలి. రెండు టికెట్లూ కలిపి నూట యాభై దాటలేదు.

పెనుకొండలో బస్సు కోసం పావుగంట నిలబడ్డాను. టీ తాగుతూ తలెత్తితే కొండ, కొండ మీద పాకుతూ పోయిన కోటగోడ. అంత ఎత్తుకు అన్ని రాళ్ళు మోసిన మనుషులెవరో అనుకుంటే గుండె ఝల్లుమంది. "రోజూ చూస్తాంటారు కదా, మీకేమీ అనిపించదా?" అని టీ కొట్టాయన్ని అడిగాను. "పుట్టినప్పట్నించి చూస్తాండానమ్మా. ఇప్పటికీ పొద్దున షట్టర్ ఎత్తి ఒకసారి ఆ పక్క చూడందే పొయ్యి ముట్టించను" అన్నాడాయన. ఇంతలో బస్సు వచ్చింది.

ధర్మవరంలో దిగేసరికి పన్నెండుంపావు. ఆటోకు అరవై ఇచ్చి, చీర నేస్తున్న ఓబులేసు ఇంటికి చేరాను. నలభై ఏళ్ళవాడు, గుంత మగ్గంలో కూర్చుని ఉన్నాడు. వాళ్ళమ్మ, ఊరంతా అవ్వ అని పిలిచే ముసలామె, పక్కన రాట్నం తిప్పుతూ కండెలకు పట్టుపోగు చుడుతోంది. మగ్గం మీద నేత ముగిసిన నా చీర. వెంట్రుక లాంటి వేల పోగుల్లోంచి నెమలి మెడ మెరుస్తోంది. ఎన్నడూ చూడని ఆ పాత చీర కళ్ళముందు నిలబడి కళ్ళు చెమర్చాయి.

ఆ ఇంట్లో రెండు కట్టుబాట్లున్నాయి. దుడ్లు ముట్టాకే చీరను మగ్గం మీంచి కొయ్యడానికి కత్తెర తియ్యాలి. కోసేటప్పుడు కట్టుకునేవాళ్ళ తరఫు మనిషి అంచు పట్టుకోవాలి. ఆపైన రాహుకాలంలో కత్తెర ముట్టరు. గురువారం అది ఒకటిన్నరకు మొదలై మూడింటిదాకా ఉంటుంది. మూడు దాటాక బయల్దేరితే ఐదింటికి హిందూపురం చేరడం కల్ల.

ఇవ్వాల్సింది ముప్పై ఆరు వేలు. ఓబులేసు కార్డు మిషను తెచ్చాడు. పిన్ను కొట్టాను. కుదరలేదు. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అంతే. కొత్త ఫోను కొని రెండ్రోజులే అయింది, అందులో బ్యాంకు యాప్ గానీ యూపీఐ గానీ ఇంకా పెట్టుకోలేదు. గోడ గడియారం పన్నెండు నలభై ఐదు చూపిస్తోంది.

"ఖాతాలో ఉండాయప్పా, లక్ష ఉండాయి!" అన్నాను. కంగారులో నా యాసా బయటపడింది.

"పొద్దున్నించి యాడన్నా కార్డు గీకినావా అక్కా?" అన్నాడు ఓబులేసు. కుందుల సంగతి చెప్పాను.

అవ్వ రాట్నం ఆపింది. "ఇట్లా చూడు తల్లీ. ఆడ మూల మూట నిండా పట్టు ఉండాది. అయినా నా కొడుకు నేసేది ఈ కండెలో ఉండే పోగుతోనే. కండె అయిపోతే మూట నిండుగా ఉన్నా మగ్గం నిలబడతాది. నీ లక్ష మూట. రోజుకింత అని బ్యాంకోళ్ళు చుట్టిచ్చేది కండె. పొద్దున కుందులకు కొంత కండె వాడేసినావు."

"మిషనుకు ఒక కండె, ఏటీఎంకు ఇంకో కండె" అన్నాడు ఓబులేసు. "నీది రోజుకెంత?"

సంచిలో కార్డుతో ఇచ్చిన కాగితం ఎప్పటి నుంచో అలాగే ఉంది. మొదటిసారి విప్పి చదివాను. దుకాణాల్లో రోజుకు యాభై వేలు, ఏటీఎంలో ఇరవై వేలు. యాభైలో పద్దెనిమిది పోతే ముప్పై రెండు. ముప్పై రెండు వేలకు గీకితే మిషను కిర్రుమంటూ రసీదు తోసింది. మిగిలిన నాలుగు వేల కోసం ఆటోలో ఏటీఎంకు పరుగెత్తాను. నోట్లు చేతికొచ్చాయి. కార్డు ముఖం చూడని అవ్వ చెప్పింది చెప్పినట్టే జరిగింది.

తిరిగొచ్చేసరికి ఒకటీ ఇరవై. అవ్వ కత్తెరకు పసుపు రాసి గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఎవరికమ్మా ఈ చీర?" అంది. అక్క కథంతా చెప్పాను. "అయితే రెండు చేతుల్తో పట్టుకో" అంది అవ్వ. కత్తెర కరకరా నడుస్తుంటే రెండు చేతులతో అంచు పట్టుకున్నాను.

మీరూ పట్టుచీరకో వైద్యానికో పెద్ద మొత్తం చెల్లించే పని మీద బయల్దేరితే, ముందురోజే బ్యాంకు యాప్‌లో మీ కార్డు రోజువారీ పరిమితి చూసుకోండి. కావలసినంత పెంచుకుని, ఇంటికొచ్చాక మళ్ళీ తగ్గించండి. ఆ హద్దు మనల్ని ఇబ్బంది పెట్టడానికి కాదు, కార్డు దొంగ చేతిలో పడితే మూటంతా పోకుండా ఉండడానికి. ఇన్నేళ్ళూ కార్డు వాడుతూ నేను తెలుసుకోనిది, కండెలు చుట్టే ఆమె ఒక్క మాటలో చెప్పడం నాకింకా ఆశ్చర్యమే.

ఐదుకు పది నిమిషాలుండగా ఫాల్ కుట్టే ఆవిడ గుమ్మంలో ఉన్నాను. శుక్రవారం తెల్లవారుజామున చీర అక్క చేతిలో పెట్టాను. అక్క మడత విప్పి, కుంకుమ అంచు మీద వేలు ఆ కొస నుంచి ఈ కొసకు నడిపింది. ధర అడగలేదు. పీటల మీద కూర్చున్న బావగారి వైపు తిరిగి, "చెప్పేసినావా?" అంది.