నాలుగు బస్తాల గుంతకు ఆరు బస్తాలు

నేను నంద్యాల పత్తి మిల్లులో కాటా దగ్గర పనిచేసేవాణ్ణి. బడిలో చదివింది అయిదో తరగతి. ఆ పైన వచ్చిన లెక్కంతా బస్తాలు తూస్తూ, గోడ మీద సుద్దతో గీసుకుంటూ నేర్చుకున్నదే. పెళ్ళికి బియ్యం ఎన్ని కావాలన్నా, చర్చికి కొత్త కప్పు వేస్తే రేకులు ఎన్ని పడతాయన్నా నన్నే అడిగేవాళ్ళు. తప్పిన సందర్భాలు తక్కువ. అందుకేనేమో, ఎనభైల మొదట్లో ఆళ్ళగడ్డలో మా బావ గుంత దగ్గర తప్పిన లెక్క ఇప్పటికీ అంకెలతో సహా గుర్తుంది.

ఆ గుంత ఇటుకల కోసం మట్టి తీయగా మిగిలింది. బావ ఎడ్లబండి మీద నుంచి పడి నడుము దెబ్బతిన్నాక మడక పట్టి దున్నలేకపోయాడు. గట్టున కూర్చుని చేసుకోగలిగిన పని ఏముందా అని అక్కా ఆయనా ఆలోచించి, అందులో చేపలు పెంచుదామనుకున్నారు. మొదటి ఏడు నంద్యాల నుంచి బొచ్చె, రాగండి పిల్లలు తెచ్చి వదిలారు. గుంతలో ముందునుంచీ ఉన్న కొర్రమీన్లు ఒక్కటి మిగల్చకుండా తినేశాయి. రెండో ఏడు కూడా పోతే ఇల్లు తాళం వేసి గుంటూరు దిక్కు మిరపకాయల కోతకు పోవడమేనని అక్క తేల్చి చెప్పింది. బావ నడుము ఆ పనికి ఎన్నాళ్ళు ఓర్చుకుంటుందో ముగ్గురికీ తెలుసు.

కొర్రమీన్లు పోవాలంటే ఇప్పచెక్క వేయమని నంద్యాలలో చేపపిల్లలు అమ్మే ఆయన చెప్పాడు. ఇప్పగింజల నుంచి నూనె తీశాక మిగిలే పిండి అది. నానబెట్టి నీళ్ళలో కలిపితే కుంకుడు రసంలాగే నురగ కడుతుంది. ఆ నురగ గుణమే చేప మొప్పలను పట్టి ఊపిరి ఆడనివ్వదు. అట్లా చచ్చిన చేపను మనం తినొచ్చు. రెండు వారాలకు గుణం విరిగిపోతుంది, పిండి గుంతకు ఎరువవుతుంది. అప్పుడు పిల్లలను వదలొచ్చు.

కుంకుడు రసం మాకు కొత్త కాదు. పత్తికి వేప కషాయం కొట్టేటప్పుడు అది కలపకపోతే కషాయం ఆకు మీద పూసలు కట్టి కిందికి జారిపోయేది. కలిపితే ఆకంతా పరుచుకుని అంటుకునేది. చేలో మాకు అంత మేలు చేసే నురగ నీళ్ళలో చేపను చంపుతుందని మాత్రం అప్పుడే విన్నాను.

గుంత కొలిచాను. పొడవు నూట ఇరవై అడుగులు, వెడల్పు డెబ్బై అయిదు. తూర్పు గట్టు మీద నిలబడి వెదురు దించితే లోతు అయిదు. మూడూ గుణిస్తే నలభై అయిదు వేల ఘనపు అడుగులు. ఆయన చెప్పిన మోతాదు నా అడుగుల్లోకి మార్చుకుంటే ఏడువేల అయిదు వందలకు ఒక బస్తా. మొత్తం ఆరు బస్తాలు, శేషం లేదు. శేషం మిగలని లెక్కంటే నాకు మొదటినుంచీ నమ్మకం ఎక్కువ.

ఒక శనివారం పిండి నానబెట్టి, ఆదివారం ఎండెక్కాక గుంతంతా చల్లాం. గంటసేపటికి కొర్రమీన్లు నోళ్ళు తెరుచుకుని పైకి తేలాయి. చుట్టుపక్కల వాళ్ళంతా గంపలతో వచ్చారు. ఆ పూట బావ మూడుసార్లు కూర వేయించుకున్నాడు.

"పోయినేడు మన పిల్లల్ని తిన్నేటివి ఇవే బామ్మర్దీ. ఇంగో ముక్క ఎయ్యమను మీ యక్కను."

పదహారో రోజుకు పిల్లలు ఇస్తానని అమ్మే ఆయన మాట ఇచ్చాడు. పదిహేనో రోజు, అదీ ఆదివారమే, నేను ఆళ్ళగడ్డ పోయాను. నల్లమల నుంచి నెలకోసారి కుంకుడుకాయలు, తేనె తెచ్చే చెంచుల అవ్వ అక్క వాకిట్లో గంప దించి కూర్చుని ఉంది. మాటల మీద మాతోపాటు గుంత దాకా వచ్చింది.

"ఏందప్పా, ఇప్పపిండి ఏసినారంట?"

"ఏసి పదైదు దినాలాయ అవ్వా. రేపు పిల్లల్ని తెస్తాండా."

అవ్వ గట్టు దిగి, కుంకుళ్ళు పిసికినట్టు నీళ్ళను రెండు చేతుల మధ్య గట్టిగా చిలికి చూసింది. "నురగ ఇంగా నిలబడతాండాది. ఈ నీళ్ళల్లో ఇడిస్తే పొద్దు గూకకముందే ఎల్లెలకల తేల్తాయి."

"పదైదు దినాలకు ఇరిగిపోతాదని లెక్కుంది," అన్నాను.

"ఆ లెక్క నీకు తెలుసు. చేపకెవురు సెప్పినారు?"

బావ పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వాళ్ళ కొండ మడుగుల్లో కాయలు దంచి వేసి చేపలు పట్టినప్పుడు, నురగ చచ్చినాకనే మళ్ళీ చేప దిగుతుందని చెప్పి, అవ్వ గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

నాకు కూర్చోబుద్ధి కాలేదు. ఒక గాజుసీసాలో కాలువ నీళ్ళు సగం పోసి ముప్పై ఊపులు ఊపి, కింద పెట్టి ఎంచాను. ఆరు అనేసరికి నురగ పోయింది. గుంత నీళ్ళు అట్లాగే ఊపి ఎంచాను. తొంభై రెండు.

అప్పుడు నడుముకు తాడు కట్టుకుని, బావను పట్టుకోమని, వెదురుతో గుంతలోకి దిగాను. పది అడుగులకు ఒకచోట కొలుచుకుంటూ పోతే సంగతి తెలిసింది. ఇటుకల వాళ్ళ బండ్లు పడమటి నుంచి దిగేవి. అటువైపు నేల వాలుగా లేచి, నీళ్ళు మోకాలి లోతు కూడా లేవు. సరాసరి మూడు అడుగుల నాలుగు అంగుళాలు. గుణిస్తే ముప్పై వేలు, అంటే నాలుగు బస్తాలు. ఈ లెక్కకూ శేషం లేదు. పెట్టె ఆకారం కానిదాన్ని పెట్టె అనుకుని గుణించాను, అంతే. నీళ్ళు కారుతూ గట్టెక్కి ఇద్దరికీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

అక్క నన్నే చూస్తూ అంది: "పోయినేడు కొర్రమీన్లు తినె. ఈయేడు నీ లెక్కలు తింటాండాయి."

మరునాడు నంద్యాలలో పిల్లలు వద్దన్నాను. ఇంకో పది రోజులకు మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు, మాట ఇవ్వలేనన్నాడు ఆయన. ఆ వారమంతా కాటా మీద ఏ బస్తా ఎక్కినా నాకు ఇప్పచెక్కలాగే కనబడింది.

సీసా పని బావకు అప్పగించి వచ్చాను. కూర్చుని చేసే పనే. మరుసటి ఆదివారం పోతే కొట్టం గోడ మీద సుద్దతో అంకెలు వరసగా ఉన్నాయి: తొంభై రెండు, ఎనభై, డెబ్బై ఒకటి, డెబ్బై మూడు, యాభై రెండు, ముప్పై ఎనిమిది, ఇరవై ఏడు, పంతొమ్మిది.

"తగ్గేది మళ్ళా పెరిగిందేంది బావా? డెబ్బై మూడు యాడిది?"

"ఆ పొద్దు మీ యక్క నన్ను తిడతాండె. కోపంలో బిరబిరా ఎంచినా."

నేను సెలవు పెట్టి అక్కడే ఉన్నాను. బుధవారం పొద్దున ఆరు అంకె పడింది. కాలువలో ఇరవై పరక చేపపిల్లలను పట్టి, అక్క పాతచీర చుట్టిన గంపలో వేసి గుంతలో దించాం. గురువారం తెల్లవారి గంప ఎత్తి బతికున్నవాటిని ఎంచాను. పంతొమ్మిది. మళ్ళీ ఎంచినా పంతొమ్మిదే. అక్క గంప నా చేతిలోంచి లాక్కుని చీర మడత విప్పింది. ఇరవయ్యోది అందులోంచి ఎగిరి ఆమె ముంజేతి మీద పడింది.

"పాండి, పోయి తెచ్చుకోండి," అంది అక్క.

నంద్యాలలో పిల్లలు దొరికాయి. రెండు బిందెల్లో పెట్టుకుని, బస్సులో ఆళ్ళగడ్డ దాకా నేనొక బిందెలో, బావొక బిందెలో చేత్తో నీళ్ళు అలలాడిస్తూ వచ్చాం. పది రోజుల తర్వాత అక్క తవుడు చల్లితే గుంత మీద వాన పడినట్టు నోళ్ళు లేచాయి.

"ఎంచు ఇప్పుడు," అంది నాతో.

నలభై దాకా ఎంచి వదిలేశాను.

గుంటూరు మాట మళ్ళీ రాలేదు. క్రిస్మస్‌కు అరచేతికి మించిన బొచ్చెలు పట్టి, అవ్వకు రెండు తీసి పెట్టారు. పండక్కు ఇంటికి సున్నం వేస్తూ అక్క కొట్టం గోడ దగ్గరికి రాగానే బావ అడ్డం కూర్చున్నాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ అంకెలు చెరపనివ్వలేదు. డెబ్బై మూడును నేను దిద్దబోతే అదీ ఒప్పుకోలేదు.