కవాలా రేవులో అవునంటే

గ్రీసు దేశంలోని కవాలా రేవు చూడడానికి మీరెప్పుడైనా వెళ్తే, అక్కడివాళ్లు ఎలా అవునంటారో ముందు తెలుసుకోండి. బైబిల్లో వేరే పేరుతో ఉన్న ఊరది. మా చర్చివాళ్లతో కలిసి నేనూ, మా వదినా వెళ్లాం.

ఎదురుగా ఉన్న దీవికి పడవలో పోవాలి. ఫొటోలు దిగుతూ మేమిద్దరం వెనకబడ్డాం. చూస్తే రేవు నిండా పడవలే. పెద్దయ్యాక కష్టపడి నేర్చుకున్న నా తెలుగు అక్షరాలు అక్కడి బోర్డుల మీద ఒక్కటీ లేవు. అందుకని గొలుసు పట్టుకుని నిలబడ్డ పడవతన్ని దీవి పేరు చెప్పి అడిగాను.

"నే, నే" అన్నాడతను.

"నై అంటన్నాడే, ఇది కాదంట, పద" అంది వదిన. మా సత్తెనపల్లి బజార్లో ఉర్దూవాళ్ల నోట ఆ మాటకు లేదనే అర్థం మరి.

ఇంతలో ఆ పడవ మీది నుంచే మావాళ్లు కేకలేశారు. ఎక్కుతారా అన్నట్టు అతను చెయ్యి చూపించాడు. ఎక్కుతామని మేమిద్దరం మన అలవాటుగా తల అటూ ఇటూ ఊపాం. వద్దంటున్నామనుకుని అతను గొలుసు అడ్డం పెట్టబోయాడు. నేను చీర ఎగ్గట్టి ఒక్క ఉరుకులో ఎక్కి, వదిన చెయ్యి పట్టి లాగాను.

నే అంటే అవునని, తల ఒకసారి కిందికి దించితే చాలని పడవలో మా గైడు చెప్పాడు. మీరూ అలాగే దించండి.

వదినకు ఆయాసం తగ్గలేదు. "పిల్ల నచ్చిందా అంటే నై అంటారా? ఈళ్లకి పెళ్లిళ్లు ఎట్టా కుదురుతున్నాయే తల్లీ!" అంది.