ఆ బొమ్మ కింద నేను చదివిన మాట

విజయనగరంలో మా అమ్మాయి బడిలో పుస్తకాల ప్రదర్శన పెట్టారు. నున్నటి కాగితం, కొత్త సిరా కలిసిన వాసన గుమ్మం దాకా కొడుతోంది. ప్రతి అట్ట మీదా దేశదేశాల పిల్లలు చేతులు పట్టుకుని నవ్వుతున్నారు. వేదిక మీద నా ఈడు పెద్దమనిషి, మా కాలంలో ఇలాంటి పుస్తకాలు లేకపోయినా ఊళ్లో అన్ని మతాలవాళ్లం ఒకే కంచంలో తిన్నామంటే అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండింది. ఆయనదీ బొబ్బిలి పక్కన మా ఊరే. ఎవరూ ఎవరి కంచంలోనూ తినలేదు. పుస్తకాలూ ఉండేవి. వాటినేం చేశామో నాకు తెలుసు.

మా ఊరి చర్చి వీధిలో కరుణమ్మ టీచరు ఉండేది. నూర్పులై కళ్లాల్లో గడ్డివాములు లేచే రోజుల్లో, మంచు విడవక ముందే, కాల్చిన తేగలు నములుతూ పిల్లలమంతా ఆవిడ అరుగు మీద చేరేవాళ్లం. మిషను నుంచి వచ్చిన బొమ్మల పుస్తకాలు, బొమ్మ కింద తెలుగులో రెండేసి వాక్యాలు. మంచు ఇళ్ల పిల్లలు, పడవల్లోనే పుట్టి పెరిగే పిల్లలు, ఒంటెల వెంట తిరిగే పిల్లలు. టీచరు కూతురు సువార్త నా తరగతే. నేను చూస్తుండగానే పేజీ తిప్పేసి ఉడికించేది. మా రైతుల వీధిలో కట్టడి ఒకటే: అరుగు దాకా వెళ్లొచ్చు, ఆ ఇంట్లో మంచినీళ్లయినా ముట్టకూడదు.

క్రిస్మస్‌కు ముందు ఆ ఇంట్లో పోకుండలు వేగుతున్నాయి. బెల్లం, నెయ్యి, కొత్త బియ్యప్పిండి. మా ఇంట్లో పండక్కి వచ్చే వాసనే. ఎవరూ రమ్మనలేదు, నేనే అడిగి తిన్నాను. పుస్తకం పట్టుకుని ఇంటికి రాగానే నాయనమ్మ నా మూతికంటిన నెయ్యి చూసి చింతబరికె అందుకుంది.

"ఆల్లింట్లో తిన్నావేటిరా? ఏ మొకం పెట్టుకుని గుమ్మం తొక్కినావురా?"

ఆ భయానికి పుస్తకం జారి తెరుచుకుంది. గొర్రెపిల్లను భుజాన వేసుకున్న ఎడారి కుర్రాడు, తలమీద గుడ్డ. నాయనమ్మకు చదువు రాదు.

"ఈయన ఆల్ల దేవుడు కాదేటి? కింద ఏటి రాసున్నాదో సదువు."

గొర్రెల కాపరి ఎండకు తలగుడ్డ కట్టుకుంటాడని రాసి ఉంది. "ఈ దేవుణ్ణి నమ్మితే తీపి పెడతాం" అని తడుముకోకుండా చదివాను. నాయనమ్మ బరికె పక్కన పడేసింది. తప్పు టీచరుదైపోయింది.

నాయనమ్మ వీధినంతా వెంటేసుకుని ఆ అరుగు దగ్గరకెళ్లి నాచేత మళ్లీ చదివించింది. "పిల్లలకి మిఠాయెట్టి మతంలో కలిపీస్తావేటే!" అని అరిచింది. చదువొచ్చినవాళ్లు నలుగురైదుగురున్నారు, ఒక్కరూ పుస్తకం అందుకుని చూడలేదు. ప్రదర్శనలో మైకు పట్టుకున్నాయన అప్పుడు నా భుజం మీంచి ఆ పేజీ చూస్తూనే ఉన్నాడు. టీచరు బొమ్మను చూసింది, నన్ను చూసింది, నోరు విప్పలేదు. ఆ సాయంత్రమే పుస్తకాలు ట్రంకుపెట్టెలోకి వెళ్లాయి. వేసవికి ఆవిడ బదిలీ చేయించుకుని ఊరే వదిలేసింది.

ప్రదర్శన అయిన వారంలోనే బొబ్బిలి బస్టాండులో సువార్త కనిపించింది. టీచరు పోయిందట. జరిగింది దాచకుండా చెప్పాను.

"అమ్మకి తెల్దనుకున్నావేటిరా? ఆ పుస్తకమంతా తనకి నోటికొచ్చు. నిజం సెప్తే నీ ఈపు సీరేస్తారని ఊరుకున్నాది."

క్షమించమన్నాను.

"అమ్మయితే ఎప్పుడో సమించీసింది. నాను మా అమ్మని కాదు," అని ఆటో ఎక్కేసింది.

మా ఊళ్లో ఆ అరుగు ఇప్పుడు లేదు, రోడ్డు వెడల్పులో పోయింది. అక్కడ నిలబడి తల వంచుకుందామన్నా చోటు లేదు.