వెంట్రుకవాసి మేస్త్రీ లెక్క తప్పాడు

ఆదివారం పొద్దున్నే పార్కు చెరువు గట్టున చేరే ఆ అయిదారుగురు రిటైరైన మగాళ్ళకి ఒకటే పిచ్చి, పడవలు. ఎక్కి తిరిగేవి కావు, చేత్తో కట్టి నీళ్ళలో వదిలేవి. మీటరూ మీటరున్నర పొడుగు, లోపల మోటారు, గట్టు మీద రిమోటు. అందులోనూ ఒక పట్టింపు ఉంది. షోకు పడవలూ యుద్ధనౌకలూ ఆ గట్టు మీదికి రాకూడదు. ఏదో ఒక పని చేసి పొట్టపోసుకునే పడవకే నమూనా కట్టాలి, ఆ నమూనా కూడా నీళ్ళలో ఆ పని చేసి చూపించాలి. టగ్గయితే లాగాలి, ట్రాలరయితే వల దించాలి. వాళ్ళ భాషలో పనిచేసే పడవంటే ఈ రెండూ కలిపి. నీళ్ళలోకి దిగనిది అలమార్లో బొమ్మతో సమానం. ఈ చట్టం పెట్టింది మన మేస్త్రీయే.

ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ మిగల్లేదు. ఓడలు బాగుచేసే వర్క్‌షాపులో ముప్పై ఆరేళ్ళు లేత్ మిషను మీద పనిచేశాడు. కొత్తగా చేరినవాడు "దాదాపు సరిపోయింది మేస్త్రీ" అంటే చాలు, ఇంతెత్తున లేచేవాడు. "దాదాపు అంటే ఎంత?" అని అడిగి, ముక్క తీసుకుని గోటితో తడిమి, "వెంట్రుకవాసి ఎక్కువుంది, మళ్ళీ చెయ్యి" అని చేతిలో పెట్టేవాడు. కొలిచి చూస్తే ఎక్కువే ఉండేది. అలా ఆయన వెంట్రుకవాసి మేస్త్రీ అయ్యాడు. కోపమూ ముక్కు మీదే ఉండేది. "పడవలే మీ పిల్లలండీ" అని ఎవరో పుణ్యాత్ముడు మురిపెంగా అంటే, "పిల్లలు పిల్లలే, పడవలు పడవలే. నాకు పిల్లల్లేరు, పడవలున్నాయి" అని నోరు మూయించాడు.

మూడేళ్ళకొకటి చొప్పున పన్నెండేళ్ళలో నాలుగు కట్టాడు. నాలుగోది రేవు అడుగున పూడిక తీసే డ్రెడ్జరు. దాన్ని నీళ్ళలో వదిలి ఆరు నెలలయింది. తర్వాతేమిటి అని చెరువు గట్టున అందరూ అడుగుతున్నారు. మేస్త్రీ ఆరు నెలలుగా మీనమేషాలు లెక్కపెడుతున్నాడు. ఇదివరకైతే పాత పడవ రంగు ఆరకముందే కొత్తదాని చెక్క కొనుక్కొచ్చే మనిషి.

అసలు సంగతి ఆయనకొక్కడికే తెలుసు. డ్రెడ్జరు పూర్తయ్యే రోజుల్లో చివరి రెయిలింగు పుల్ల దాని రంధ్రంలో పెట్టబోతే కుడిచెయ్యి వణికింది. ఆకలేమో అనుకున్నాడు. తినొచ్చినా వణికింది. ఆ ఒక్క పుల్ల పెట్టడానికి నాలుగు రోజులు పట్టింది. స్క్రూలు కొనుక్కొస్తానని ఇంట్లో చెప్పి ఒంటరిగా డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. నరాల జబ్బన్నాడాయన. మందులతో మెల్లగా నడుస్తుంది గానీ వెనక్కి తిరగదన్నాడు. "మీ పనులు మీరు చేసుకోవడానికి చాలా ఏళ్ళు ఇబ్బంది లేదు. సన్నపనులు మాత్రం మానుకోండి" అన్నాడు. సన్నపని మానేస్తే తనకి మిగిలే పనేమిటో మేస్త్రీకి తట్టలేదు. మాత్రలు తెచ్చి రివెట్ల డబ్బాలో దాచాడు.

చెబితే ఏం పోయింది అని మీరూ నేనూ అనుకుంటాం. ఆయన మాత్రం అనుకోలేదు. చెప్పిన మరుక్షణం గట్టు మీద తన కుర్చీ ముసలివాళ్ళ కుర్చీ అయిపోతుందని భయం. "పాపం మేస్త్రీ" అనే మాట వినడం కంటే చావు నయమనుకున్నాడు. అందుకని ఏ పడవో తేల్చకుండా నాన్చాడు. ఎంచుకుంటున్నంత కాలం మొదలుపెట్టక్కర్లేదు, మొదలుపెట్టనంత కాలం చెయ్యి ఎవరికీ కనపడదు.

మంచం కింద మూడు ప్లాన్లున్నాయి. ఒకటి చేపల ట్రాలరు. రెండోది, రేవు దారి తెలిసిన మనిషిని ఓడ దాకా చేర్చే పైలట్ పడవ. మూడోది, పెద్ద ఓడల్ని రేవులోకి లాక్కొచ్చే టగ్గు. రోజూ వాటిని పరుచుకుని కూర్చునేవాడు. ఇదివరకైతే ఏది అందంగా ఉంది, ఏది నీళ్ళలో బాగా వాలుతుంది అని చూసేవాడు. ఇప్పుడు ఏ పడవకి ఎన్ని సన్నముక్కలున్నాయో లెక్కపెట్టేవాడు. పైలట్ పడవకి రెయిలింగు పుల్లలే తొంభై ఆరు, అది వద్దు. ట్రాలరుకి వలలు, కప్పీలు, తాళ్ళు, అదీ వద్దు. టగ్గు కాస్త మొరటు మనిషి, దానికి రెయిలింగులు తక్కువ. కానీ ఒంటినిండా రివెట్లు, వెయ్యికి పైనే, ఒక్కోటి ఆవగింజంత. చేత్తో చిటికెడు రివెట్లు తీసుకుని చూశాడు. నేలంతా చిమ్మాయి. మోకాళ్ళ మీద కూర్చుని ఏరుకుంటూ ఏడ్చాడు.

అప్పుడొచ్చింది ఆ ఆలోచన. ముక్కలు చిన్నవైతే కదా బాధ, పడవే పెద్దది చేస్తే? ప్లాను పట్టుకెళ్ళి జిరాక్స్ షాపువాడితో రెట్టింపు చెయ్యమన్నాడు. ఆవగింజ పెసరగింజవుతుంది. పెసరగింజని వణికే వేళ్ళు కూడా పట్టుకోగలవు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. చెరువు గట్టున కొత్తగా చేరిన ప్రతివాడూ చేసే తప్పు ఇదే. నమూనా ముద్దుగా ఉంది కదా, ఇంకాస్త పెద్దది కడదామంటాడు. అప్పుడు మేస్త్రీ జేబులోంచి అగ్గిపెట్టె తీసి గట్టు మీద పెట్టేవాడు. దాన్ని పొడుగులో రెట్టింపు, వెడల్పులో రెట్టింపు, ఎత్తులో రెట్టింపు చెయ్యాలంటే ఎన్ని అగ్గిపెట్టెలు కావాలో పేర్చి చూపించేవాడు. ఎనిమిది. "పొడుగు రెండింతలైతే బరువు ఎనిమిదింతలయ్యా. పడవని మోసేది నీ ఉత్సాహం కాదు, నీ నడుము" అనేవాడు. ఒక బ్యాంకాయన ఈ పాఠం విన్నాక మొహం చిన్నబుచ్చుకుని నెలరోజులు గట్టుకి రాలేదు.

ఆ ప్లాను ప్రకారం టగ్గు బరువు ఇరవై కిలోలు. రెట్టింపు చేస్తే నూట అరవై. పొడుగు రెండున్నర మీటర్లు. మేస్త్రీ గది గుమ్మం దాటదు, దాటినా ఎత్తేవాళ్ళుండరు, ఎత్తినా ఆ చెరువు లోతు చాలదు. ఇదంతా ఆయనకి తెలుసు, తెలిసే చేశాడు. నీళ్ళలోకి దిగకపోతే మానె, కట్టుకుంటూ కూర్చోవచ్చు కదా అనుకున్నాడు. తను పెట్టిన చట్టం తనే తుంగలో తొక్కడానికి సిద్ధపడ్డాడంటే ఎంత దిక్కుతోచక ఉన్నాడో చూడండి.

ప్లాను హాల్లో పరిచాడు. ఒక కొస వాళ్ళావిడ కుట్టుమిషను కింద, రెండో కొస వీధి గుమ్మం దగ్గర. సరిగ్గా అప్పుడే వచ్చాడు కండక్టరు. ఒకప్పుడు బస్సు కండక్టరు, ఇప్పుడు మేస్త్రీ శిష్యుల్లో మొదటివాడు. చెప్పులు విప్పబోయి కాగితం చూసి ఆగిపోయాడు.

"ఏంటి మేస్త్రీ, ఇది అసలు టగ్గు ప్లానా?"

"నమూనాదే. రెట్టింపు చేయించాను" అన్నాడు మేస్త్రీ. కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు.

"బాగుంది. మరి బరువెంతవుతుంది?" అన్నాడు కండక్టరు నవ్వుతూ. గురువుగారేదో మెలిక పెడుతున్నారు, ఇప్పుడు అగ్గిపెట్టె తీస్తారు అనుకున్నాడు.

మేస్త్రీ ఎడమచేత్తో ప్లాను కొస సర్దాడు. నూట అరవై అంటే, మరి తెలిసీ ఎందుకు చేయించారని అడుగుతాడు. దానికి జవాబు తొడ కింద వణుకుతోంది.

"ఎంత, ఇరవై రెట్టింపు. నలభై కిలోలు" అన్నాడు.

కండక్టరు పెద్దగా నవ్వాడు. మేస్త్రీ నవ్వలేదు. కండక్టరు నవ్వు మధ్యలో ఆగిపోయింది. "ఎనిమిదింతలు కదా మేస్త్రీ. మాకు నేర్పింది మీరే" అన్నాడు మెల్లగా.

"అవును కదూ. మర్చిపోయాను."

ఆ ఒక్క మాట కొంప ముంచింది. ముప్పై ఆరేళ్ళు వెంట్రుకవాసి తేడా ఒప్పుకోని మనిషి, నూట ఇరవై కిలోల తప్పు నెత్తినేసుకుని తలొంచుకున్నాడు, చెయ్యి దాచుకోవడం కోసం. కండక్టరు కాఫీ కూడా తాగకుండా లేచాడు. గేటు దగ్గర మేస్త్రీ భార్యని పక్కకి పిలిచి, "చెల్లెమ్మా, ఈ మధ్య ఈయన బాగానే ఉంటున్నారా? మామూలుగా మాట్లాడుతున్నారా?" అని అడిగి సంగతంతా చెప్పాడు.

 ఆవిడ తల్లి మతిమరుపుతోనే పోయింది. మొదట పాల లెక్క తప్పింది, తర్వాత ఇంటి దారి తప్పింది, చివరికి "ఎవరమ్మా నువ్వు, మంచిదానివి, రోజూ వచ్చి అన్నం పెడుతున్నావు" అంది కన్నకూతుర్ని పట్టుకుని. ఆరేళ్ళు చేసింది ఆవిడ. ఇప్పుడు మొగుడికీ లెక్క తప్పింది. ఒక్కటొక్కటే గుర్తు చేసుకుంటే అన్నీ అతికినట్టు సరిపోయాయి. గడ్డం గీసుకోవడం మానేశాడు. బొత్తాల చొక్కాలు వదిలేసి టీషర్టుల్లో తిరుగుతున్నాడు. బ్యాంకు కాగితం మీద సంతకం నువ్వే పెట్టు అన్నాడు. గ్లాసు సగమే పొయ్యమంటున్నాడు. చెయ్యి దాచడానికి ఆయన ఆడిన ప్రతి నాటకమూ బుర్ర పోతోందనడానికి సాక్ష్యమై కూర్చుంది.

ఇక మొదలయింది. "ఏవండీ, ఇవాళ ఏం వారం?" "మన మేనకోడలి ఊరేది?" మొదట విసుక్కున్నాడు. వంటింటి సొరుగులకి చీటీలు వెలిశాయి, స్పూన్లు అని ఒకటి, గ్లాసులు అని ఒకటి. గ్యాసు మీట కట్టేసే బయటికెళ్తోంది. ఆయన వీధి చివర దాకా వెళ్తే వెనకాలే కూరల సంచీతో నడుస్తోంది, సంచీలో ఏమీ ఉండదు. నాలుగో రోజుకి మేస్త్రీకి అర్థమైంది. అయ్యో అనిపించింది. అయినా నోరు విప్పలేదు. బుర్ర పోయిందనుకున్నా ఫర్వాలేదు, చెయ్యి పోయిందని తెలియకూడదు. ఇంత మొండితనం ఎక్కడైనా ఉంటుందా?

ఉంటుంది గానీ దానికీ ఒక హద్దుంటుంది. ఒక మధ్యాహ్నం భోజనమయ్యాక హాల్లోకి వస్తే ఆవిడ వీపు ఇటుపెట్టి కుట్టుమిషను గబగబా తొక్కుతోంది. దగ్గరికెళ్ళి చూశాడు. సూది కింద బట్ట లేదు, ఊరికే తొక్కుతోంది. ఏడుపు వినపడకుండా ఆ చప్పుడు.

ఆయన్ని చూసి మిషను ఆపింది. దొరికిపోయినట్టు కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత ఇంక దాచలేక, "నేనెవర్నో చెప్పండి" అంది.

మేస్త్రీ పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, కుడిచెయ్యి తీసి మిషను బల్ల మీద పెట్టాడు. ఇన్నాళ్ళూ బిగబట్టిన చేతిని వదిలేశాడు. పక్కనున్న గుండీల డబ్బా గలగలమంది.

"బుర్రకేం కాలేదు. ఆ టగ్గు నూట అరవై కిలోలవుతుంది, నాకు తెలుసు. కండక్టరుకి అబద్ధం చెప్పాను. గడ్డం, సంతకం, టీషర్టులు, అన్నీ దీనికోసమే. తగ్గేది కాదట. ఇంక నేను పడవ కట్టలేను."

చివరి మాట పైకి అనడం అదే మొదటిసారి. 

ఆవిడ ఆ చేతిని చూసింది, ఆయన మొహం చూసింది. "ఇంతేనా?" అంది. కళ్ళనీళ్ళతో నవ్వు మొదలైంది, ఆపుకోలేకపోయింది. "ఇంతేనా అండీ, చెయ్యేనా? వారం రోజులుగా నేను చచ్చి బతికాను. చెయ్యిదేముంది, నేను లేనూ? బొత్తాలు నేను పెడతాను, గడ్డం నేను గీస్తాను." ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని చెంపకి ఆనించుకుంది.

ఆవిడని తప్పు పట్టడానికి లేదు. తల్లి దగ్గర ఆరేళ్ళు చూసిన నరకం ముందు వణికే చెయ్యి ఏపాటిది? మేస్త్రీకీ అది తెలుసు. కానీ ఆ ఇంతేనా అనే మాట సూటిగా లోపలికి దిగింది. ఆయనకీ కళ్ళనీళ్ళు తిరిగాయి, అవి సంతోషానివి కావు. ఆవిడ మాత్రం అవీ తనలాంటివే అనుకుంది.

"ఇంక మీకు నచ్చిన పడవ కట్టుకోండి. ఎంత పెద్దదైనా సరే, గుమ్మం పట్టకపోతే గోడ పగలగొట్టిద్దాం" అంది. కట్టలేనని చెప్పిన మాట ఆ హడావిడిలో ఆవిడ చెవినే పడలేదు. మేస్త్రీ సరే అన్నాడు.

ఆవిడ అప్పటికే సొరుగుల మీది చీటీలు పీకేస్తూ కండక్టరుకి ఫోను చేసింది. అందరూ వినాలన్నట్టు స్పీకరు పెట్టింది. అవతల ఉప్పు కాగితంతో చెక్క రుద్దుతున్న చప్పుడు వినిపిస్తోంది, కండక్టరు తన పడవ పనిలో ఉన్నాడు.

"అన్నయ్యగారూ, మీరూ నేనూ అనవసరంగా హడలిపోయాం. ఈయన బుర్ర బంగారంలా ఉంది. ఉత్త చెయ్యి వణుకట, అంతే. కుడిచెయ్యి. ఏం లేదండీ, మనమే భయపడ్డాం."

అవతల రుద్దుతున్న చప్పుడు ఆగిపోయింది.

"హలో, అన్నయ్యగారూ, వినిపిస్తోందా?" అందావిడ. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, మళ్ళీ తీసి చూసి, మొగుడి వైపు తిరిగింది. "మాట్లాడటం లేదు. లైను కట్టయినట్టుంది."

"కట్టవలేదు. ఉన్నాడు" అన్నాడు మేస్త్రీ.