మా ఆటో, సలోమి నాయన కన్ను

వేడి చారులో కొయ్య గరిటె ముంచగానే తడిసిన చెక్క వాసన లేస్తుంది. నెల్లూరులో నేనుండే గదిలో మూడు స్టీలు గరిటెలున్నా, రుచి తెలిసినవాడిలా అవ్వ వాడిన ఈ ఉదయగిరి గరిటెనే వాడుతుంటాను. నిజానికి ఆ మూడూ కడగలేదు.

దీన్ని చెక్కింది సలోమి వాళ్ల నాయన. ఎండాకాలం సెలవుల్లో, ఉదయగిరి కొండ కింద మా వీధిలో, ఆయన గరిటెలు చెక్కుతుంటే రాలిన పొట్టులో కూర్చుని, ముంజెల నీళ్లు మోచేతుల దాకా కారుతుండగా, సలోమీ నేనూ చింతగింజలతో ఆడుకునేవాళ్లం. ఎదురుగా మా అవ్వ అరుగు మీద కుండ పెట్టుకుని, అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ దారిన పోయేవాళ్లందరికీ పోస్తూ, ఇదంతా వచ్చే జన్మకని చెప్పేది. వచ్చే జన్మలో అవ్వకు మజ్జిగ కొరత ఉండదని నాకు గట్టి నమ్మకం.

ఒక మధ్యాహ్నం చెక్కపేడు ఎగిరి సలోమి నాయన కంట్లో గుచ్చుకుంది. ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకుపొమ్మని సలోమి అమ్మ పరుగున వచ్చి అడిగితే, మా నాయన ఆటో తాళం అందుకున్నాడు కూడా. అవ్వ కుండ మీంచి తలెత్తలేదు.

"పోయిన జన్మలో ఏం చేసినాడో, అనుభవించనీరా. మనం అడ్డం పడితే మిగిలింది మళ్లా పుట్టి అనుభవించాల."

నాయన తాళం మేకుకు తగిలించాడు. వాళ్లు సాయంత్రం బస్సుకు వెళ్లారు. కన్ను పోయింది. పోయిన జన్మ ఉందనే నమ్మకమే లేని బాప్టిస్టు ఇంటికి కూడా అవ్వ ఆ పాపాన్ని మజ్జిగంత ధారాళంగా పోసింది.

నేనూ నమ్మాను. అందుకే, ఓ రోజు ఆటలో ఓడిపోయిన ఉక్రోషంతో, "మీ నాయన పోయిన జన్మలో ఎవురి కన్నో పొడిచుంటాడంట," అన్నాను.

సలోమి చేతిలోని గింజలు కింద పెట్టింది. "మీ అవ్వ చూసినాదా?"

ఆ తర్వాత మాకు ఆట లేదు.

నెల తిరక్కుండా కొండ మీది కోట మెట్ల మీద కోతివేషాలు వేసి, పడి, చెయ్యి విరగ్గొట్టుకున్నాను. నేను ఎవరి చెయ్యి విరిచి పుట్టానో అవ్వ చెబుతుందని ఏడుస్తూనే ఎదురుచూశాను. అవ్వ మాత్రం ఎవరి దిష్టి తగిలిందోనని గుండెలు బాదుకుంటూ ఆటో తీయమని నాయనను తరిమింది.

"మిగిలింది మళ్లా పుట్టి అనుభవించాలేమో అవ్వా," అన్నాను.

"నోర్ముయ్. నువ్వు మా బిడ్డవిరా."

మోసపోయానని అప్పుడు తెలిసింది. చెయ్యి ఎలాగూ విరిగి ఉంది కాబట్టి, ఏడుపు దేనికో ఎవరూ అడగలేదు. ఇంతలో సలోమి నాయన గరిటెలకని కోసిన రెండు పలచటి చెక్కలు తెచ్చి, ఒంటికంటితో కొలత చూసి, నా చేతికి కట్టి, ఆత్మకూరు దాకా ఆటోలో ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన్ను ఎవరూ పిలవలేదు.

ఇప్పుడా వీధిలో చెక్కపొట్టు లేదు, మజ్జిగ కుండ లేదు, అవ్వ లేదు. సలోమి వాళ్లు ఎటు వెళ్లారో తెలియదు. నా చెయ్యి మాత్రం చక్కగా అతుక్కుంది. గరిటె తిప్పేది దాంతోనే. తప్పులన్నీ పోయిన జన్మ మీదికి తోసేయడం నాకూ సుఖంగానే ఉంటుంది. కానీ సలోమితో అన్న ఆ మాట ఈ జన్మలోదే.