జింక రంగు బ్యాగు

వచ్చే శనివారం మా ఆఫీసు శ్రీధరన్నతో మొదటిసారి జింక వేటకు వెళ్లాలని తేలికపాటి బ్యాక్‌ప్యాక్ కొన్నాను. రక్తం మరకలు కనబడవని గోధుమరంగుది తీసుకున్నాను. మాంసం మోసుకురావాలి కదా, బరువు ఆపుతుందో లేదో చూద్దామని ఈ సాయంత్రం ఇరవై పౌండ్ల సోనా మసూరి బస్తా అందులో పెట్టుకుని, మేముండే ఆష్‌బర్న్ ఊరు దాటాక వచ్చే అడవిలో నడిచాను. భుజాలకు బరువే తెలియలేదు. ఆ సంబరంలో, ఊడిన షూ లేసు కట్టుకుందామని పొదల్లో వంగాను.

లేచి నిలబడేసరికి ఎదురుగా ఒక పెద్దాయన, నా వైపు గురిపెట్టిన తుపాకీని మెల్లగా దించుతున్నాడు. ఆయన కళ్లు నా వీపు మీది బ్యాగు మీదే ఉన్నాయి.

కారులోకి వచ్చిపడి శ్రీధరన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, వేట సీజన్ వచ్చే వారం కదా స్టార్ట్ అయ్యేది?"

"ఎవరు చెప్పిండ్రు? ఇయ్యాల పొద్దుగాలే ఓపెన్ అయింది. మనకి ఖాళీ వచ్చే వారం." అంతలోనే అడిగాడు. "ఎవరన్న జింకనుకొని కాల్వకుండ ఆరెంజ్ జాకెట్ వేసుకునే పోయినవ్ కదా?"

పక్క సీట్లో పడేసిన గోధుమరంగు బ్యాగు వైపు చూశాను.

మా ఆవిడ ఆ బస్తా విప్పే అన్నం వండింది. కంచం పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. వేట తెలిసిన మిత్రులారా, ఏ బ్యాగు తేలికో ఇక అడగను. వంగినా మనిషిలాగే కనబడేది ఏదైనా ఉంటే చెప్పండి.